ముందు ఊరి వాటా, తర్వాత సారు వాటా

ఇన్ఫోసిస్ సీఈఓ జీతం వార్త ఒకటి మన వాట్సాప్ గ్రూపులో తిరిగింది. 2024-25లో ఆయనకు ముట్టింది 80.62 కోట్లు. అంతకుముందు ఏడాది 66.25 కోట్లు. ఆ వార్త కింద మన తమ్ముళ్ళు గట్టిగానే గొడవపడ్డారు. ఒకడు "దోపిడీ" అని ఒకే మాట రాసి వదిలేశాడు. ఇంకొకడు, బీటెక్ మూడో ఏడాది చదువుతున్నవాడు, ఇట్లా రాశాడు: "ఆయన కష్టపడ్డాడు, సంపాదించాడు. మనకెందుకు కడుపుమంట? ఎదిగి మనమూ ఆ కుర్చీలో కూర్చోవాలి గానీ." లైకులన్నీ ఈ రెండో మాటకే పడ్డాయి.

నేను ఆ రోజు ఏమీ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నా. ఆ తమ్ముడు తెలివితక్కువగా ఏం మాట్లాడలేదు. తండాల నుంచీ గూడేల నుంచీ మొదటి తరం చదువుకు వచ్చినోళ్ళకు అట్లాగే అనిపిస్తుంది. హాస్టల్ అన్నం తిని చదివినోడు పెద్ద కుర్చీని చూసి అసహ్యించుకోవాలని ఎవరూ శాసించకూడదు. నా మాట వేరే. ఆ కుర్చీకి అంత జీతం ఎక్కడి నుంచి వస్తోంది, ఎవరు నిర్ణయిస్తున్నారు, ఆ లెక్కలో మనం ఎక్కడున్నాం అనేది ఒకసారి కూర్చుని చూద్దాం.

ముందు మనకు తెలిసిన కొలతతో కొలుద్దాం. 80.62 కోట్లను 365 రోజులకు పంచితే రోజుకు 22 లక్షల పైచిలుకు. ఆదివారం, పండగ, అన్నీ కలిపి. ఉపాధి హామీ కూలి 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజుకు 307 రూపాయలు. సారు ఒక్కరోజు సంపాదన రావాలంటే మనూళ్ళో ఒక అక్క దాదాపు 7,200 రోజులు మట్టి తవ్వాలి. ఏడాదికి 100 రోజుల పని పూర్తిగా దొరికిందనుకుంటే 72 ఏళ్ళు. 100 రోజులు పూర్తిగా దొరికే ఇల్లు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు.

అయితే ఈ లెక్క చెప్పి వదిలేస్తే అది సభలో చప్పట్లకు పనికొస్తుంది, అంతే. అవతలి పక్షం వాదన కూడా వినాలి. వాళ్ళ వాదనలో బలం ఉంది.

మొదటి సంగతి, ఆ 80 కోట్లు నెలనెలా బ్యాంకులో పడే జీతం కాదు. అందులో మూలవేతనం 7.45 కోట్లే. బోనస్ లాంటి మారే భాగం 23 కోట్ల పైన. మిగతాది, అంటే సగం కంటే ఎక్కువ, దాదాపు 49.5 కోట్లు, షేర్ల రూపంలో వచ్చింది. కంపెనీ బాగా నడిస్తే షేరు ధర పెరుగుతుంది, ఆయనకు ఎక్కువ వస్తుంది. నడవకపోతే తగ్గుతుంది. "ఆయన లాభం, కంపెనీ లాభం ఒకే తాడుకు కట్టాం" అంటారు వాళ్ళు. ఇంకో సంగతి, 2025 మార్చి నాటికి ఆ కంపెనీలో 3.23 లక్షల మంది పనిచేసేవాళ్ళు. సారు జీతం మొత్తం లాక్కుని అందరికీ సమానంగా పంచినా ఒక్కొక్కరికి ఏడాదికి 2,500 రూపాయలు వస్తాయి. నెలకు 200 చిల్లర. ఆయన తీసుకున్నది కంపెనీ నికర లాభంలో అర శాతం కూడా కాదు. "దీనికి ఇంత గొడవా? ఒక తప్పుడు నిర్ణయం వల్ల వేల కోట్లు పోతాయి. ఆ నిర్ణయం సరిగ్గా తీసుకునే మనిషికి 80 కోట్లు ఇస్తే తప్పేంటి?" అని అడుగుతారు.

ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టేయకండి. మన సభల్లో చాలామంది దీనికి జవాబు చెప్పకుండా గొంతు పెంచుతారు. నేను జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తా.

అంత డబ్బు ఇవ్వకపోతే అంత తెలివైన మనిషి దొరకడు అనేది అసలు వాదన. అమెరికా లెక్క ఒకటి చూడండి. అక్కడ ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఏళ్ళ తరబడి దీన్ని లెక్కిస్తోంది. 1965లో పెద్ద కంపెనీల సీఈఓకు మామూలు కార్మికుడి కంటే 21 రెట్లు వచ్చేది. 2023కి అది 290 రెట్లు. 1965 నాటి మేనేజర్లు తెలివితక్కువోళ్ళా? కార్లూ విమానాలూ కంప్యూటర్లూ చేసిన కంపెనీలను నడిపిందే వాళ్ళు. మనిషి మెదడు 60 ఏళ్ళలో 14 రెట్లు పెరగలేదు. పెరిగింది బేరమాడే బలం. ఒక కంపెనీ బోర్డు పక్క కంపెనీ సీఈఓకు ఎంత ఇస్తున్నారో చూస్తుంది, "మనోడు సగటు కంటే తక్కువోడా ఏంటి" అనుకుని ఇంకాస్త పెంచుతుంది. రేపు పక్క కంపెనీ వీళ్ళని చూసి పెంచుతుంది. కల్లంలో తునికాకు కట్టలు లెక్కపెట్టే గుమస్తా ఎప్పుడైనా "పక్క కల్లంలో ఎక్కువ ఇస్తున్నారట, మీకూ పెంచుతా" అన్నాడా? ధర పెరగాలంటే మనం ఆకు కోయడం ఆపి సమ్మె చేయాలి. వాళ్ళకు పక్కవాడి జీతం స్లిప్పు చాలు.

మన దేశంలోనే ఇంకో రుజువు ఉంది. మన సింగరేణి. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైన కంపెనీ. 2024 నాటికి 40 వేల పైన పర్మినెంట్ కార్మికులు. 2023-24లో 4,701 కోట్ల లాభం. దాన్ని నడిపే సీఎండీ కుర్చీలో సాధారణంగా సివిల్ సర్వీసు అధికారి కూర్చుంటారు. దేశంలో అందరికంటే పెద్ద అధికారి అయిన కేబినెట్ సెక్రటరీ మూలవేతనమే నెలకు 2.5 లక్షలు. అంటే ఆ స్కేలు లోపలి జీతంతోనే వేల కోట్ల కంపెనీ నడుస్తోంది. ప్రభుత్వ కంపెనీల్లో వేరే రోగాలు ఉన్నాయి, రాజకీయ జోక్యం ఉంది, నాకు తెలుసు, వాటిని కప్పిపెట్టను. కానీ "కోట్లు ఇవ్వకపోతే బొగ్గు పైకి రాదు" అనే మాట మాత్రం అబద్ధమని తేలింది కదా.

ఈ అసంతృప్తి మన ఉద్యమాలోళ్ళకే ఉందనుకోవద్దు. 2007 మేలో ప్రధాని మన్మోహన్ సింగ్ పరిశ్రమాధిపతుల సభకు వెళ్ళి, ప్రమోటర్లూ పై అధికారులూ మితిమీరిన జీతాలు తీసుకోవద్దని వాళ్ళ ముఖం మీదే చెప్పారు. ఆర్థిక సంస్కరణలు తెచ్చిన మనిషే ఆ మాట అన్నారు. 2017 ఏప్రిల్‌లో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి, తన కంపెనీలోనే ఒక పై అధికారికి జీతం పెంచడాన్ని బహిరంగంగా తప్పుబట్టారు. ఎక్కువమందికి 6 నుంచి 8 శాతం పెంచుతూ పైవాడికి 60, 70 శాతం పెంచడం సరికాదనేది ఆయన వాదన. మేనేజర్ల విలువ తెలిసినోళ్ళే ఇట్లా మాట్లాడారు. కాబట్టి తమ్ముడూ, ఈ ప్రశ్న అడిగినంత మాత్రాన అది కడుపుమంట అయిపోదు.

ఇప్పుడు మనోళ్ళు ఈ లెక్కలో ఎక్కడున్నారో చూద్దాం.

మా మేనబావ హైదరాబాద్‌లో ఒక పెద్ద ఐటీ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. డిగ్రీ చదివాడు. చేతికి నెలకు 14 వేలు వస్తుంది. 12 గంటల డ్యూటీ. సారు ఒక్కరోజు జీతం మా బావకు 13 ఏళ్ళ జీతం. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్‌లో ఒక మంచి నిబంధన ఉంది. స్టాక్ మార్కెట్లో ఉన్న ప్రతి కంపెనీ, తన డైరెక్టర్ల జీతం ఉద్యోగుల మీడియన్ జీతానికి ఎన్ని రెట్లో ఏటా బయటపెట్టాలి. మీడియన్ అంటే, ఉద్యోగులందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలబడే మనిషి జీతం. ఇన్ఫోసిస్‌లో 2024-25కి ఆ తేడా దాదాపు 750 రెట్లు. అందుకే ఈ అంకె మనదాకా వచ్చింది.

ఆ వరుసలో మా బావ నిలబడడు. ఆయన ఆ కంపెనీ గేటు దగ్గరే నిలబడతాడు, కంపెనీ లెక్కలో మాత్రం నిలబడడు. ఎందుకంటే ఆయన ఆ కంపెనీ ఉద్యోగి కాదు, మనుషులను సప్లై చేసే ఒక ఏజెన్సీ ఉద్యోగి. క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే అక్క, బాత్‌రూములు తుడిచే పిన్ని, తోటమాలి, బస్సు డ్రైవరు, అందరూ అంతే. బావ నవ్వుతూ ఒక మాట అన్నాడు: "ఏజెన్సీలో పుట్టినం, ఏజెన్సీ కిందనే పని చేస్తున్నం. ఏజెన్సీ దాటి రాలేదురా మనం." నేను నవ్వలేకపోయాను.

750 రెట్లు అనే అంకెకే మనం నోరు తెరుస్తున్నాం. అది కంపెనీ సొంత ఉద్యోగులతో పోల్చిన అంకె. గేటు బయట నిలబెట్టినోళ్ళను కూడా కలిపితే ఎంత అవుతుందో ఏ వార్షిక నివేదికా చెప్పదు, ఎందుకంటే చెప్పమని చట్టం అడగలేదు. పైగా చూడండి, కింది పనులన్నీ కాంట్రాక్టుకు ఇచ్చేస్తే మీడియన్ పెరుగుతుంది, రెట్లు తగ్గుతాయి, కంపెనీ మరింత న్యాయంగా కనిపిస్తుంది. మనుషులను లెక్కలోంచి తీసేస్తే అసమానత తగ్గినట్టు చూపించవచ్చు. ఈ విద్య మనకు కొత్తది కాదు. పోడు సర్వేలో పేరు లేకుండా చేస్తే పోడు సమస్యే ఉండదు. జాబితాలో లేని ఊరికి ముంపు ఉండదు.

సరే, ఐటీ పక్కన పెడదాం. అది మన కొండల మీద కట్టింది కాదు. గనుల దగ్గరికి వద్దాం. నా అసలు గొడవ అక్కడే.

అదే 197వ సెక్షన్‌లో ఇంకో నిబంధన ఉంది. పబ్లిక్ కంపెనీ తన డైరెక్టర్లకూ మేనేజర్లకూ మొత్తం కలిపి ఆ ఏడాది నికర లాభంలో 11 శాతం వరకు ఇవ్వవచ్చు. ఒకే ఒక్క మేనేజింగ్ డైరెక్టర్ ఉంటే ఆయన ఒక్కడికే 5 శాతం వరకు. ఇది దాటాలంటే పూర్వం కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. 2017లో చట్టం సవరించారు, 2018 సెప్టెంబర్ నుంచి ఆ అనుమతి అక్కర్లేదు, వాటాదారులు తీర్మానం చేస్తే చాలు. ప్రభుత్వ కంపెనీలకు ఈ సెక్షన్ వర్తించదు. ప్రైవేటు గనుల కంపెనీ స్టాక్ మార్కెట్లో ఉంటే వర్తిస్తుంది. అందరూ 5 శాతం తీసుకుంటారని కాదు, ఇన్ఫోసిస్ సారు తీసుకున్నది అందులో పదో వంతు కూడా లేదని పైన చెప్పాను. కానీ ఒక మనిషికి లాభంలో ఎంత వాటా ఇవ్వడం సబబు అని చట్టం ఆలోచించిందో అది గుర్తుపెట్టుకోండి. 5 శాతం.

ఇప్పుడు ఆ గని ఉన్న ఊళ్ళకు ఎంత ఇవ్వడం సబబు అని ఆలోచించారో చూడండి.

1997 జూలై 11. సుప్రీంకోర్టు సమత తీర్పు. మన విశాఖ ఏజెన్సీ అనంతగిరి మండలం గనుల లీజుల మీద నడిచిన కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. అది మనందరికీ నోటికి వచ్చు. కానీ అందులోనే ఉన్న ఇంకో మాట మనవాళ్ళలోనే చాలామందికి తెలియదు. గని తవ్వితే నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పక్కన పెట్టాలి, దానితో ఆ ప్రాంతంలో నీళ్ళు, బడి, ఆస్పత్రి, పారిశుధ్యం, రోడ్డు ఏర్పాటు చేయాలి. అడవి తిరిగి పెంచే ఖర్చు ఈ 20 శాతంలోకి రాదు, అది వేరే. ఇదంతా వ్యాపారంలో భాగం. దానధర్మం కింద రాయలేదు.

ఆ 20 శాతం ఈరోజుకీ చట్టం కాలేదు. 2011లో కేంద్రం ఒక గనుల బిల్లు పెట్టింది. బొగ్గు కంపెనీలు లాభంలో 26 శాతం ఆ జిల్లా ప్రజల నిధికి ఇవ్వాలని, మిగతా ఖనిజాలకైతే రాయల్టీకి సమానమైన మొత్తం ఇవ్వాలని అందులో ఉంది. పరిశ్రమ వర్గాలు గగ్గోలు పెట్టాయి. 2014లో లోక్‌సభ రద్దవడంతో బిల్లూ పోయింది. 2015లో వచ్చిన సవరణతో జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. ఇందులో లాభం అనే మాటే లేదు. పాత లీజులైతే రాయల్టీ మీద 30 శాతం, వేలంలో ఇచ్చిన కొత్త లీజులైతే రాయల్టీ మీద 10 శాతం. రాయల్టీ అంటే తవ్విన ఖనిజం మీద ప్రభుత్వానికి కట్టే సుంకం. లాభం ఎంత పెరిగినా దానిలో మన వాటా అంటూ ఏమీ లేదు. ఇక సామాజిక బాధ్యత పేరుతో అన్ని పెద్ద కంపెనీలూ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. అది ఎక్కడైనా ఖర్చు చేయవచ్చు, గని ఉన్న ఊళ్ళోనే పెట్టాలని గట్టి నిర్బంధం లేదు. పెడితే స్కూలు గోడ మీద కంపెనీ బొమ్మ వేసుకుంటారు.

నియమగిరి కథ ఇంకా ముక్కుసూటిగా ఉంటుంది. 2007లో లాంజిగఢ్ కేసులో సుప్రీంకోర్టు ఒక షరతు పెట్టింది. అక్కడి ప్రాజెక్టు లాభంలో 5 శాతం గానీ, ఏటా 10 కోట్లు గానీ, ఏది ఎక్కువైతే అది ఆ ప్రాంత అభివృద్ధికి ఇవ్వాలి. డోంగ్రియా కోందుల కొండ, వాళ్ళ నియమరాజు, వాళ్ళ వాగులు, వాళ్ళ తరతరాలు, అన్నీ ఒక తక్కెడలో పెడితే అవతలి తక్కెడలో 5 శాతం. మన చట్టం ఒక్క మేనేజింగ్ డైరెక్టర్ కుర్చీకి గీసిన గీత కూడా అదే 5 శాతం. ఒకటి ప్రాజెక్టు లాభం, ఇంకొకటి కంపెనీ మొత్తం లాభం, లెక్క సరిగ్గా ఒకటి కాదు, ఒప్పుకుంటా. కానీ ఏ మనసుతో లెక్క వేస్తున్నారో తెలుస్తుంది కదా.

అందుకే "80 కోట్లు ఎక్కువా తక్కువా" అనే చోట నేను ఆగను. జీతం అంటే కేవలం డబ్బు కాదు, అది ఆదేశం కూడా. నీ బోనస్ ఈ ఏడాది ఉత్పత్తి మీద, లాభం మీద, షేరు ధర మీద ఆధారపడి ఉంటుందని ఒక మనిషికి చెబితే అతను రాత్రీ పగలూ ఆ మూడింటినే చూస్తాడు. చెడ్డవాడు కానక్కర్లేదు. బురద చెరువు కట్టకు మరమ్మతు చేస్తే ఖర్చు పెరుగుతుంది, లాభం తగ్గుతుంది, బోనస్ తగ్గుతుంది. పర్మినెంట్ ఉద్యోగం ఇస్తే ఖర్చు. కాంట్రాక్టు ఇస్తే పొదుపు. గ్రామసభ ఆరు నెలలు ఆలోచిస్తానంటే ఆరు నెలల ఆలస్యం. ఆ ఆలస్యం మనకు హక్కు, ఆయనకు నష్టం. "ఆయన లాభం, కంపెనీ లాభం ఒకే తాడుకు కట్టాం" అన్నారు కదా, ఆ తాడు మన మెడ చుట్టూ తిరిగి వెళ్తుందో లేదో చూడండి అంటున్నా. అప్పుడు తలకు 2,500 పంచే లెక్కకు అర్థం ఉండదు. సారు జేబులోకి వెళ్ళిన దాని కంటే, ఆ జేబు కోసం తీసుకున్న నిర్ణయాల ఖరీదు పెద్దది.

మళ్ళీ సింగరేణికి వస్తా, ఎందుకంటే అక్కడ మనకు రెండు పాఠాలూ ఒకే చోట దొరుకుతాయి. అక్కడ కార్మికులు పోరాడి లాభంలో వాటా సాధించుకున్నారు. దసరాకు పంచుతారు. 2023-24 లాభంలో పెట్టుబడులకు కొంత పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికులకు ఇచ్చారు. ఒక్కొక్కరికి సగటున 1.90 లక్షలు. దేశంలో ఇట్లాంటి పంపకం అరుదు. లాభం పైవాడికే పోవాలని రూలేమీ లేదని, సంఘం బలంగా ఉంటే కిందికీ దిగుతుందని దీంతో తెలుస్తుంది. ఇది ఎర్రజెండాలూ సంఘాలూ సాధించింది, మనం గౌరవించాలి.

అదే ఏడాది మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకు కూడా బోనస్ ఇచ్చారు. సుమారు 25 వేల మంది. తలకు 5 వేలు. అదే గని, అదే దుమ్ము. 38 రెట్లు తేడా. ఆ కాంట్రాక్టు వరుసల్లో నిలబడేది ఎవరి పిల్లలో కొత్తగూడెం, మణుగూరు, ఇల్లెందు, ఆసిఫాబాద్ వైపు ఉన్నోళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఇక భూమి ఇచ్చిన కుటుంబానికి ఒకసారి పరిహారం. ఆ తర్వాత ఏటా వచ్చే లాభంలో వాటా అనే మాట లేదు. భూమి పెట్టుబడి కాదట. డబ్బు పెట్టినోడు వాటాదారుడు, భూమి పెట్టినోడు నిర్వాసితుడు.

మా తాత చెప్పేవాడు. భూమి పండుగ వేటలో మొదటి బాణం ఎవరిది తగిలితే వాళ్ళకు ఎక్కువ భాగం. ఎవరూ కాదనేవాళ్ళు కాదు, గురి కుదరడం గొప్పే. కానీ అరుస్తూ తోలినోళ్ళకూ భాగం ఉండేది, కుక్కను తెచ్చినోడికీ ఉండేది, ఆ రోజు కాలు బాగోలేక ఇంట్లో ఉన్న ముసలాయనకూ పంపేవాళ్ళు. పంపకం దగ్గర గొడవలు కాలేదని కాదు, బాగానే అయ్యేవి, తాత అవి కూడా చెప్పేవాడు. అయితే గొడవ అందరి ముందు అయ్యేది. బాణం వేసినవాడు తన భాగం తానే కోసుకుని వెళ్ళేవాడు కాదు.

కంపెనీల్లో ఎవరు కోస్తారు? బోర్డులో ఒక కమిటీ కోస్తుంది, వాటాదారులు ఓటు వేస్తారు. ఆ ఓటుకు పదును ఉందని అప్పుడప్పుడు రుజువవుతుంది. మన కుర్రాళ్ళకు ఇష్టమైన బుల్లెట్ బండి చేసే ఐషర్ మోటార్స్‌లో 2021 ఆగస్టులో అదే జరిగింది. మేనేజింగ్ డైరెక్టర్ పునర్నియామకం, జీతం తీర్మానానికి 75 శాతం ఓట్లు కావాల్సి ఉండగా 73 శాతమే వచ్చాయి. తీర్మానం ఓడింది. తర్వాత జీతానికి తక్కువ పరిమితి పెట్టుకుని మళ్ళీ అడిగితే ఒప్పుకున్నారు. అంటే అడిగే హక్కు ఉన్నోళ్ళు అడిగితే ఎంత పెద్ద సారు జీతమైనా తగ్గుతుంది. ఆ హక్కు షేరు కొన్నవాడికి ఉంది. మనకు లేదు.

మనకు వేరే ఓటు ఉంది. 2013లో నియమగిరిలో 12 గ్రామసభలు జరిగాయి. 12కి 12 వద్దన్నాయి. పెద్ద పెద్ద జీతాలు తీసుకునే మేనేజర్లు, లాయర్లు, సలహాదారులు అందరూ కలిసి చేయలేని నిర్ణయాన్ని చెట్ల కింద కూర్చున్న మనుషులు చేశారు. వాళ్ళకు ఎవరు ఎంత ప్యాకేజీ ఇచ్చారు? తెలివికి ధర కట్టేవాళ్ళు ఈ తెలివికి ఎంత కడతారో నాకు తెలుసుకోవాలని ఉంది.

కొంతమంది మిత్రులు జీతాలకు ఒక అంకె పెట్టి ఆపేద్దాం అంటారు. కింది జీతానికి 12 రెట్లు మించొద్దని స్విట్జర్లాండ్‌లో 2013 నవంబర్‌లో ప్రజాభిప్రాయ సేకరణే పెట్టారు. 65 శాతం మంది వద్దన్నారు, కంపెనీలు వెళ్ళిపోతాయని భయపడ్డారు. స్పెయిన్‌లో బాస్క్ ప్రజల ప్రాంతంలో మోండ్రగాన్ అనే సహకార సంస్థలు ఉన్నాయి, వేలమంది పనిచేస్తారు, అక్కడ పైజీతం కింది జీతానికి సుమారు 6 రెట్లు, కొన్నిచోట్ల కాస్త ఎక్కువ. పనివాళ్ళే యజమానులు కాబట్టి వాళ్ళే నిర్ణయించుకున్నారు. అక్కడా అన్నీ సాఫీగా లేవు, వాళ్ళలో ఒక పెద్ద కంపెనీ 2013లో దివాలా తీసింది. నేను చెప్పేది ఇంతే, పైనుంచి పెట్టిన అంకె నిలబడలేదు, యజమాన్యంలో వాటా ఉన్నచోట అంకె దానంతటదే తగ్గింది.

కాబట్టి నేను అడిగేది అంకె గురించి కాదు, వరుస గురించి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఖనిజం మీద బతికే ఏ కంపెనీ అయినా, సమత తీర్పు చెప్పిన 20 శాతం ముందు పక్కన పెట్టాలి. ఆ తర్వాతే మేనేజర్ల 11 శాతం లెక్క మొదలవ్వాలి. ఊరి నిధి జమ కాని ఏడాది సారుకు బోనస్ ఉండకూడదు. గనిలో కాంట్రాక్టు కార్మికుడు చనిపోయినా, వాగు నీళ్ళు చెడినా ఆ ఏడాది మారే జీతంలో కోత పడాలి, అది వార్షిక నివేదికలో రాయాలి. జీతాల తేడా లెక్కలో గేటు దగ్గర గార్డునీ, క్యాంటీన్ అక్కనీ, మట్టి తోలే టిప్పర్ డ్రైవర్‌నీ కలపాలి. ఇది కలలా ఉందంటారా? మీడియన్ లెక్క బయటపెట్టాలనే నిబంధన కూడా 2013కి ముందు లేదు.

ఇక మన బీటెక్ తమ్ముడికి. నువ్వు ఆ కుర్చీలోకి వెళ్ళు, తప్పకుండా వెళ్ళు. మనోళ్ళు అక్కడ లేకపోవడం కూడా అన్యాయమే. అంతలోపు ఒక చిన్న పని చెయ్యి. మన జిల్లాలోనో పక్క రాష్ట్రంలోనో గనులు ఉన్న ఏదైనా ఒక ప్రైవేటు లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదిక డౌన్‌లోడ్ చెయ్యి, అందరికీ ఉచితంగానే దొరుకుతుంది. డైరెక్టర్ల జీతాల పట్టిక ఒక పేజీలో ఉంటుంది, సామాజిక బాధ్యత ఖర్చు ఇంకో పేజీలో ఉంటుంది, కాంట్రాక్టు కార్మికుల సంఖ్యా ప్రమాదాల సంఖ్యా మరోచోట దూరంగా ఉంటాయి. ఆ నాలుగు అంకెలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి గ్రూపులో పెట్టు. నీ మాటకు పడిన లైకులు దానికి కూడా పడతాయో లేదో చూద్దాం. నేను మా బావకు కూడా పంపిస్తా, రాత్రి డ్యూటీలో చదువుకుంటాడు.